నడుముకు పిస్టల్ కనిపించినప్పుడు: టెక్సస్ సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. శనివారం కిరాణా దుకాణంలో ఒకాయన నడుముకు ఒరలో పిస్టల్ పెట్టుకుని తాపీగా బెండకాయలు ఏరుకుంటుంటే, తలుపు దగ్గరున్న పోలీసు ఆయనను ఎందుకు ఆపలేదని కొందరు అడిగారు. టెక్సస్‌లో 2016 జనవరి 1 నుంచి లైసెన్సుతోనూ, 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టం నిషేధించనివారు లైసెన్సు లేకుండానూ ఒరలో పిస్టల్ బయటికి కనిపించేలా ధరించవచ్చు.

ఒక మనిషిని ఆపాలంటే నేరానికి సంబంధించిన సహేతుకమైన అనుమానం పోలీసుకు ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 1968లో టెర్రీ కేసులో చెప్పింది. బహిరంగంగా ఆయుధం ధరించడం చట్టబద్ధమైన రాష్ట్రంలో ఆ ఒక్క కారణంతో ఎవరినీ నిర్బంధించకూడదని నార్త్ కరోలినా నుంచి వచ్చిన కేసులో ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీళ్ల కోర్టు అయిన ఫోర్త్ సర్క్యూట్ 2013లో తేల్చింది. టెక్సస్ ఆ కోర్టు పరిధిలో లేదు కాబట్టి ఆ తీర్పును ఇక్కడ తప్పనిసరిగా పాటించాల్సిన పనిలేదు కానీ, తర్కం అర్థం కావడానికి పనికొస్తుంది. అయితే పోలీసు వచ్చి పలకరించడానికి, మాట్లాడటానికి ఏ అనుమానమూ అక్కర్లేదు.

మనలో చాలామందికి అసలు విషయం వేరే ఉంది. హెచ్‌1బీ, ఎఫ్‌1 వంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నేరం. వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొన్నే. స్నేహితుడి పిస్టల్‌ను సరదాగా నడుముకు పెట్టుకుని ఫొటో దిగాలనుకునేవారు దయచేసి ఆ ఆలోచన మానుకోండి.