అర్జెంటీనా రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

1976 మార్చి 24న అధికారం చేజిక్కించుకున్న సైనిక పాలన ఎత్తుకుపోయిన బిడ్డల ఆచూకీ అడుగుతూ, 1977 ఏప్రిల్ 30న 14 మంది తల్లులు రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లోని ప్లాసా దె మాయో అనే కూడలికి వచ్చారు. గుంపుగా నిలబడకూడదని పోలీసులు ఆజ్ఞాపిస్తే, ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకుని నడిచారు. ఆ తల్లుల్లో కొందరిని కూడా అదే ఏడాది డిసెంబరులో మాయం చేశారు. మత్తుమందిచ్చి విమానంలోంచి సముద్రంలోకి తోసేసిన వారి ఎముకలను 2005లో గానీ గుర్తించలేకపోయారు.

మాయమైన వారిలో 8,961 మందిని 1984 నాటి విచారణ సంఘం నమోదు చేయగా, మానవ హక్కుల సంఘాలు 30,000 మంది అంటున్నాయి. ఈ తేడాను పట్టుకుని వాదించడం కన్నా, దాన్ని తేల్చగల కాగితాలను బయటపెట్టడం ప్రభుత్వ ధర్మమని నా దృఢాభిప్రాయం.

తల్లిదండ్రులతో పాటు అపహరణకు గురై, లేదా నిర్బంధ కేంద్రాల్లో పుట్టి, మరొకరి ఇళ్లలో పరాయి పేర్లతో పెరిగిన పిల్లల్లో 130 మందికి పైగా తమ అసలు కుటుంబాలను తెలుసుకోగలిగారంటే, అది అమ్మమ్మలు, నానమ్మల పట్టుదల వల్ల, 1987లో ఏర్పడిన జన్యు సమాచార నిధి వల్ల సాధ్యమైంది. మిగిలినవారికి ఇప్పుడు యాభై ఏళ్లు వస్తున్నాయి. వారి కోసం ఎదురుచూస్తున్న పెద్దలు ఒక్కొక్కరే కన్నుమూస్తున్నారు.

కాబట్టి సైనిక దళాల పాత దస్త్రాలను భద్రపరచి, వాటిని చదవగల నిపుణులకు, ఆ కుటుంబాలకు జాప్యం లేకుండా అందుబాటులో ఉంచవలసిందిగా వినయంగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక తెలుగు పాఠకురాలు