ఇంటర్ సెకండియర్ కెమిస్ట్రీ బ్యాచ్: వీడియో తగ్గించి రాత పెంచుతున్నాం

తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం.

సోమవారం నుంచి మన ఆన్‌లైన్ కెమిస్ట్రీ క్లాసులో పాఠం 75 నిమిషాలు కాదు, 40 నిమిషాలే. మిగతా 35 నిమిషాలు పిల్లలు కెమెరా ఆన్‌లో పెట్టి కాగితం మీద రాస్తారు. "ఫీజు అంతే తీసుకుని పాఠం సగం చేశారేంటండీ" అని కొందరు అప్పుడే అడిగారు. అడగాల్సిన మాటే.

వీడియో చూస్తున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉంటుంది. పెన్ను పట్టుకుంటే గానీ రాలేదని తెలియదు. ఎలక్ట్రోకెమిస్ట్రీలో అందరూ తేలిగ్గా తీసుకునే లెక్క ఒకటి చూడండి. జింక్-కాపర్ సెల్, జింక్ అయాన్లు 0.1 మోలార్, కాపర్ అయాన్లు 0.01 మోలార్, స్టాండర్డ్ ఈఎంఎఫ్ (సెల్ ఇచ్చే వోల్టేజీ) 1.10 వోల్టులు. 25 డిగ్రీల దగ్గర నెర్న్‌స్ట్ సమీకరణంతో చేస్తే జవాబు 1.07 వోల్టులు. దిద్దేటప్పుడు పదేపదే కనబడే తప్పు జవాబులు రెండు: 1.13, 1.04. మొదటిది వచ్చిందంటే లాగ్ లోపల నిష్పత్తి తిరగబడింది, కాపర్ పైకెళ్లి జింక్ కిందికొచ్చింది. రెండోది వచ్చిందంటే 0.0591ని 2తో భాగించడం మరిచారు. తిరగబడిందో లేదో పట్టుకోవడానికి ఒక్క క్షణం చాలు. ఈ సెల్‌లో తయారయ్యేది జింక్ అయాన్. అది కాపర్ అయాన్ కంటే ఎక్కువ ఉంది కాబట్టి ఈఎంఎఫ్ 1.10 కంటే తగ్గాలి. పెరిగిందంటే వెనక్కి వెళ్లి చూసుకోవాలి. ఈ అలవాటు మేం చెబితే రాదు, పదిసార్లు రాస్తే వస్తుంది.

కైనెటిక్స్‌లోనూ ఇదే గొడవ. "ఫస్ట్ ఆర్డర్ చర్య 20 శాతం పూర్తయింది" అంటే లాగ్ లోపల 100 కింద పెట్టాల్సింది మిగిలిన 80. కంగారులో 20 పెట్టేస్తారు. లాగ్ విలువ 0.0969 రావాల్సిన చోట 0.699 వస్తుంది, రేటు స్థిరాంకం ఏడింతలకు పైగా పెరిగిపోతుంది. సొల్యూషన్స్‌లోనైతే వాంట్ హాఫ్ ఫ్యాక్టర్, అంటే ఒక్కో పదార్థం ఎన్ని కణాలుగా విడిపోతుందన్న లెక్క. 500 గ్రాముల నీటిలో 5.85 గ్రాముల ఉప్పు వేస్తే మొలాలిటీ 0.2. ఉప్పు రెండు అయాన్లుగా విడిపోతుంది కాబట్టి ఫ్రీజింగ్ పాయింట్ తగ్గేది 2 × 1.86 × 0.2, అంటే 0.744 కెల్విన్. ఆ 2 మరిస్తే సరిగ్గా సగం వస్తుంది, 0.372. చూడ్డానికి అదీ పద్ధతిగానే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. సూత్రం, ప్రతిక్షేపణ, యూనిట్ మూడూ వేర్వేరు లైన్లలో పెట్టమని మేం పట్టుబట్టేది ఇందుకే. జవాబు తప్పినా దిద్దేవాళ్లకు ఎక్కడ తప్పిందో కనబడాలి, స్టెప్ మార్కులు పడాలి.

తెలంగాణ బోర్డు థియరీ పేపర్ 60 మార్కులు, మూడు గంటలు. వెరీ షార్ట్ ప్రశ్నలు పదీ రాయాలి, 20 మార్కులు. షార్ట్‌లు ఎనిమిదిలో ఆరు, 24. లాంగ్‌లు మూడింట్లో రెండు, 16. పిల్లలు రాత్రుళ్లు కూర్చుని లాంగ్‌లే బట్టీ పడతారు గానీ అవి మూడో వంతు కూడా కావు. ఆదివారం మన టెస్టు ఇకపై అచ్చంగా ఈ పద్ధతిలోనే, మూడు గంటలూ ఏకబిగిన ఉంటుంది. వెరీ షార్ట్‌లకు 35 నిమిషాలు దాటనివ్వం. అవి పదీ ఒకేచోట, వరుసగా రాయాలి.

లాంగ్‌లలో మార్కులు ఎక్కడ జారతాయో కాంటాక్ట్ ప్రాసెస్ (సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారీ) తీసుకుంటే తెలుస్తుంది. సమీకరణాలు అందరూ రాస్తారు. ఉష్ణోగ్రత 720 కెల్విన్, పీడనం 2 బార్, ఉత్ప్రేరకం వనేడియం పెంటాక్సైడ్ అన్నది బాణం మీద వేయరు. సల్ఫర్ ట్రైఆక్సైడ్‌ని నేరుగా నీళ్లలో ఎందుకు కలపరో రాయరు. కలిపితే ఆమ్లం పొగమంచులా తేలిపోతుంది, పట్టుకోవడం కష్టం. అందుకే గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలోకి పీల్పించి ఓలియం చేసి, తర్వాత నీళ్లు కలుపుతారు. ఆ కారణం రెండు లైన్లే, కానీ చదివి రాసినవాడెవరో బట్టీ పట్టినవాడెవరో అక్కడే తెలిసిపోతుంది.

ఆర్గానిక్ పేరున్న చర్యలకు కొత్త వీడియోలు చేయడం లేదు, ఉన్నవి చాలు. ప్రతి చర్యకీ ఒక కార్డు రాసుకోండి: ఏ పదార్థం, ఏ కారకం, ఏ షరతు, ఏం వస్తుంది, వేటికి పని చేయదు. ఆఖరి గడే అసలైనది. ఆల్డాల్‌కి ఆల్ఫా హైడ్రోజన్ ఉండాలి, కానిజారోకి ఉండకూడదు, గాఢ క్షారం కావాలి. గాబ్రియెల్ పద్ధతిలో అనిలిన్ రాదు. కార్బైల్ అమీన్ పరీక్ష ప్రైమరీ అమీన్లకే. డయజోనియం లవణాన్ని 273 నుంచి 278 కెల్విన్ మధ్య ఉంచాలి.

ఇక మా చేత కానిది. ప్రాక్టికల్స్ 30 మార్కులు. అవి ఫోన్‌లో నేర్పలేం, నేర్పుతామని ఇదివరకు రాసిన మాట తీసేశాం. మీ కాలేజీ ల్యాబ్‌కి తప్పకుండా వెళ్లండి, కాలేజీ వాళ్లు పెట్టకపోతే తల్లిదండ్రులు వెళ్లి గట్టిగా అడగండి. మేం చేయగలిగిందల్లా ఎక్కడ తప్పుతారో ముందే చెప్పడం. సాల్ట్ అనాలిసిస్‌లో మూడో గ్రూపుకి ముందు ఘన అమ్మోనియం క్లోరైడ్ ధారాళంగా వేయాలి, తర్వాతే అమ్మోనియం హైడ్రాక్సైడ్. క్లోరైడ్ తక్కువైతే హైడ్రాక్సైడ్ అయాన్లు ఎక్కువై మెగ్నీషియం కూడా అక్కడే తెల్లగా దిగిపోతుంది, దాన్ని అల్యూమినియం అనుకుని చివరిదాకా తప్పుదారిలో పోతారు. బ్రౌన్ రింగ్‌కి (నైట్రేట్ పరీక్ష) ఫెర్రస్ సల్ఫేట్ అప్పటికప్పుడు కలిపింది కావాలి. గాఢ ఆమ్లాన్ని ట్యూబ్ గోడ వెంట మెల్లగా జార్చాలి, కదిపితే ఉంగరం పోతుంది.

టైట్రేషన్‌లో పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆమ్లం వచ్చిందనుకోండి. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి 60-70 డిగ్రీలకు వేడి చేయాలి. హైడ్రోక్లోరిక్ పోస్తే పర్మాంగనేట్ క్లోరైడ్ మీద కూడా ఖర్చవుతుంది, బ్యూరెట్ రీడింగ్ పెరుగుతుంది. మొదటి చుక్కల రంగు పోవడానికి టైం పడుతుంది, భయపడొద్దు. మాంగనస్ అయాన్లు కాస్త తయారయ్యాక చర్య దానంతటదే ఊపందుకుంటుంది. గోధుమరంగు మడ్డి కనబడితే ఆమ్లం తక్కువైందని అర్థం. ద్రావణం ముదురు రంగు కాబట్టి బ్యూరెట్‌లో పై అంచు దగ్గర రీడింగ్ తీయాలి. 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం 10 మిల్లీలీటర్లకు 0.02 మోలార్ పర్మాంగనేట్ సరిగ్గా 10 మిల్లీలీటర్లు పట్టాలి. అదే మోర్స్ సాల్ట్ (ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్) అయితే వేడి చేయకూడదు, ఫెర్రస్ గాలికే ఫెర్రిక్ అయిపోతుంది. ఇవేవీ ఇంట్లో ప్రయత్నించొద్దు. గాఢ ఆమ్లాలు వంటగదిలోకి రాకూడదు.

ఈఏపీసెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) రాసేవాళ్లకి: 160 ప్రశ్నల్లో కెమిస్ట్రీ 40, మొత్తం 180 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. కాబట్టి ఏ బిట్టూ ఖాళీగా వదలకూడదు. శనివారం 40 బిట్లు 35 నిమిషాల్లో పెడతాం. మిగిలే టైమంతా లెక్కలకి కావాలి. ఫస్టియర్ పాఠాలూ అందులో ఉంటాయి.

పేపర్లు రెండు రోజుల్లో దిద్ది పంపుతామన్నాం, నాలుగైదు రోజులు పట్టింది. తప్పు మాదే. దిద్దేది ఇద్దరమే, బ్యాచ్ పెద్దదైపోయింది. ఇక కొత్త అడ్మిషన్లు తీసుకోం. గడువు నాలుగు రోజులని మార్చాం, అది మాత్రం దాటం. ఆంధ్రప్రదేశ్ బోర్డు పిల్లలు చేరాలని అడుగుతున్నారు. మన రాత టెస్టులన్నీ తెలంగాణ పేపర్ ప్రకారమే, మీకు సరిపోవు, డబ్బు దండగ చేసుకోకండి.

ఈ మార్పు వద్దనుకున్నవాళ్లు 15వ తేదీలోపు చెబితే మిగతా నెలల ఫీజు వెనక్కి వేస్తాం.

పేపర్ ఫొటోలు పంపేటప్పుడు కిటికీ పక్కన, నిటారుగా పైనుంచి తీయండి. పేజీ మూలలో నంబరు వేసి, అన్నీ కలిపి ఒకే పీడీఎఫ్‌గా పంపండి. బెంజీన్ వలయాలు పెన్సిల్‌తో లేతగా వేస్తే ఫొటోలో కనబడవు, ఓసారి ముదురుగా దిద్దండి.