ఉయ్యాల బిగించి వెళ్ళిన పెద్దాయనకు

గృహప్రవేశమై ఇరవై రోజులైనా మా అమ్మమ్మ టేకు ఉయ్యాల బల్ల గోడకు ఆనుకునే ఉంది. స్లాబు పోసే రోజున కొక్కేలు వేయించడం మరిచిపోయాం. తప్పు పూర్తిగా నాదే. మా ఆవిడ ఆ మాట ఇప్పటికీ రోజుకొకసారి గుర్తుచేస్తుంది.

విజయవాడ వన్‌టౌన్‌లోని ఒక ఇనుప సామాన్ల కొట్లో నేను బోల్టుల గురించి అడుగుతుంటే, పక్కన మేకులు తూకం వేయించుకుంటున్న మీరు, "స్లాబుకు రంధ్రం పెట్టకండి బాబూ, లోపల కరెంటు పైపులు ఉంటాయి" అన్నారు. అడగకుండానే నా స్కూటరెక్కి ఇంటికి వచ్చారు.

ముందు దూలాన్ని వేలి కణుపులతో తట్టి చూశారు. అడుగున ఇనుప చువ్వలుంటాయని, పక్కల నుంచి బోల్టులు వేయించారు. దారానికి నట్టు కట్టి వేలాడదీసి, రెండు గొలుసులూ సమంగా వచ్చేదాకా నన్ను నిచ్చెన దిగనివ్వలేదు. తర్వాత మీరే ముందు కూర్చుని ఊగి చూశారు. కిర్రుమన్న చోట కొబ్బరినూనె చుక్క వేశారు.

డబ్బులు ఇవ్వబోతే చేయి అడ్డుపెట్టి కాఫీ అడిగారు, చక్కెర లేకుండా. వెళ్తూ కిటికీలో ఉన్న కొండపల్లి అంబారీ ఏనుగును ఎండ తగలని చోటికి జరిపారు. తెల్ల పొణికి కర్ర తేలికే గానీ, రంగు వెలిసిపోతుందట.

పేరు అడగడం మరిచాను, కొక్కేల్లాగే. మీకు మా అందరి నమస్కారాలు. అమ్మ మధ్యాహ్నం నిద్ర ఇప్పుడు ఆ బల్ల మీదే. మళ్ళీ కాఫీకి రండి, ఇల్లు మీకు తెలిసిందే.