కొత్త చట్టానికి ముందు 1998 నాటి చట్టం తెరవండి

సంపాదకులకు,

ఆడపిల్లపై ఘోరం జరిగిన ప్రతిసారీ ఆమె పేరుతో కొత్త చట్టం తేవాలనే డిమాండ్ వస్తుంది. కన్నవాళ్ల కోరికను తప్పుపట్టలేం. కానీ అలాంటి ఒక మరణం నుంచి పుట్టిన చట్టం చెన్నైలో 1998 నుంచే ఉంది. ఎతిరాజ్ కాలేజీ విద్యార్థిని ఆకతాయిల వేధింపులకు బలైన ఆ ఏడాదే తమిళనాడు ప్రభుత్వం ముందు ఆర్డినెన్సు, తర్వాత చట్టం తెచ్చింది.

అందులో అన్నిటికన్నా పదునైన నిబంధన బస్సులది. వేధిస్తున్నారని బాధితురాలు చెబితే సిబ్బంది ఆ బస్సును నేరుగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాలి. 2012లో సుప్రీంకోర్టు ఇదే దేశమంతటికీ వర్తింపజేస్తూ, అలా చేయకపోతే పర్మిట్ రద్దు చేయాలంది.

కాగితం మీద ఇంత తేలిక. రద్దీ వేళలో కండక్టరుకు మాత్రం చిక్కులెన్నో. బస్సు మళ్లిస్తే ట్రిప్పు పోతుంది, కలెక్షన్ తగ్గుతుంది, ఆఫీసుకు ఆలస్యమైందని మిగతా ప్రయాణికులే గొడవకు దిగుతారు. తీరా వెళ్లాక ఇది మా పరిధి కాదని స్టేషన్‌లో అంటే? పరిధితో పనిలేకుండా ఫిర్యాదు తీసుకోవాలని నేర విచారణ పద్ధతుల చట్టమైన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. ఆ సంగతి డ్రైవరు, కండక్టర్లకు ఎవరు చెప్పాలి?

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ప్రతి రూటులో ఏ స్టాపుకు ఏ స్టేషన్ దగ్గరో రాసిన పట్టిక డ్రైవరు ఎదుట అతికించాలి. ట్రిప్ షీటులో బస్సు స్టేషన్‌కు మళ్లినట్టు రాసేందుకో గడి ఉండాలి, అది నింపితే ఆ ట్రిప్పు నష్టం సిబ్బంది లెక్కలో పడకూడదు. బాధితురాలి వాంగ్మూలం తీసుకునేదాకా బస్సునంతా ఆపక్కర్లేదు. నిందితుణ్ణి దించి, ఒకరిద్దరు సాక్షుల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకుని పంపేయవచ్చు.

అయినా కొత్త చట్టమే కావాలంటారా, ఆంధ్రప్రదేశ్ 'దిశ' బిల్లు చూడండి. 2019 డిసెంబరులో అసెంబ్లీ ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ అన్నారు. క్రిమినల్ చట్టం ఉమ్మడి జాబితాలోది, అంటే కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల అంశం. కేంద్ర చట్టానికి విరుద్ధమైన నిబంధన నిలవాలంటే రాజ్యాంగం 254వ అధికరణ కింద రాష్ట్రపతి ఆమోదం కావాలి. అది దొరకలేదు, చట్టమూ కాలేదు. శిక్షలు, గడువులు ఎంత పెంచితే అంత ఈ చిక్కులో పడతాం. (తొందరపాటు బిల్లులన్నీ ఎక్కువగా మోజుపడేది వీటి మీదే.)

పేరు విషయంలోనూ జాగ్రత్త. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరాలు, శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం, ఆమె మరణించినా సరే. దిశ, నిర్భయ మారుపేర్లు కావడానికి కారణం అదే.

మన ఎమ్మెల్యేలను అడగాల్సింది ఒక చిన్న సవరణ: ఏటా ఎన్ని బస్సులు స్టేషన్లకు మళ్లాయి, వాటిలో ఎన్ని కేసులయ్యాయి, ఎన్నింటిలో శిక్ష పడింది, ఈ లెక్కలు అసెంబ్లీ ముందు పెట్టాలని పాత చట్టంలోనే చేర్చండి.

— ఒక పాఠకుడు, విల్లివాక్కం, చెన్నై