సరిహద్దు రోగికి ఆరోగ్య కార్డు అక్కరకు రావాలంటే

సంపాదకులు గారికి,

పర్లాకిమిడిలోనూ, గజపతి జిల్లాలోని చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉండే మావంటి తెలుగు కుటుంబాలకు జబ్బు ముదిరితే మొదట గుర్తొచ్చేది శ్రీకాకుళం, ఆ తరువాత విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి మాకు శ్రీకాకుళం కన్నా చాలా దూరం. పైగా పాతపట్నం దాటితే చుట్టాలుంటారు, డాక్టరుకు బాధ తెలుగులోనే చెప్పుకోవచ్చు. కానీ మా చేతిలోని కార్డు ఒడిశాది.

2018లో మొదలైన ఒడిశా ప్రభుత్వ ఉచిత వైద్య పథకం బిజూ స్వాస్థ్య కల్యాణ యోజన స్థానంలో 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్, రాష్ట్రం వారి గోపబంధు జన ఆరోగ్య యోజనలు కలిసి అమలవుతున్నాయి. కుటుంబానికి ఏటా 5 లక్షలు, మహిళలకు అదనంగా మరో 5 లక్షల మేరకు వైద్యం ఉచితం. రాష్ట్రం దాటినా జాబితాలోని ఆసుపత్రుల్లో కార్డు చెల్లుతుందన్నారు. ఇది మేలైన మార్పే, కాదనను. అయితే మా బంధువొకరిని ఆంధ్రలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్తే, పక్క రాష్ట్రం కార్డు గనుక ముందు డబ్బు కట్టమని, సంగతి తరువాత చూద్దామని కౌంటరులో చెప్పారు. ఇలాంటి చికిత్సలకు సొమ్ము చెల్లించవలసింది రోగి సొంత రాష్ట్రం. ఆ బిల్లు ఎప్పుడు వస్తుందోనన్న అనుమానం ఉన్నంత కాలం, నిబంధనల్లో ఏమి రాసి ఉన్నా, ఆసుపత్రి మా కార్డును రెండో రకంగానే చూస్తుంది.

కాబట్టి ఒడిశా, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు గజపతి, రాయగడ, గంజాం, కొరాపుట్, మల్కనగిరి జిల్లాల రోగుల కోసం ప్రత్యేకంగా ఒక ఒప్పందం చేసుకోవాలి. బిల్లు చెల్లింపునకు గడువు పెట్టి, అది దాటితే ఆలస్యానికి వడ్డీ ఒడిశాయే భరించాలి. కార్డు ఉండి కూడా రోగి చేత డబ్బు కట్టించుకున్న ఆసుపత్రి ఆ మొత్తాన్ని తిరిగి ఇవ్వాలి. శ్రీకాకుళం, విశాఖల్లో ఒడిశా కార్డుల వ్యవహారం తెలిసిన ఆరోగ్య మిత్రను కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇంతకన్నా బరువైన సమస్య మందులది. ఆయుష్మాన్ పథకం ఆసుపత్రిలో చేరినవారికి వర్తిస్తుంది. ఇంటికి పంపిన తరువాత 15 రోజుల వరకే మందులు, పరీక్షల ఖర్చు అందులో కలుస్తుంది. బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు పదహారో రోజున ఆగిపోవు కదా! జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021-22లో దేశంలో వైద్యానికైన మొత్తం ఖర్చులో 39.4 శాతం ప్రజలు సొంత జేబులోంచి పెట్టుకున్నదే. 2013-14లో ఇది 64.2 శాతం ఉండేది, అంటే కొంత తగ్గింది. కానీ నెలనెలా మందుల దుకాణంలో కట్టే సొమ్ము పేదవాడిని అప్పులోకి నెడుతూనే ఉంది. దీర్ఘకాలిక రోగులకు కార్డు మీద ఏడాదికి కొంత మొత్తం మందులకని కేటాయించి, జన ఔషధి కేంద్రాల్లో కార్డు చూపితే జనరిక్ మందులు ఇచ్చేలా చేయాలి. మందులు మానేసి డయాలసిస్ దాకా వచ్చిన రోగికి అదే పథకం పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది స్వల్పం.

2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీ తీసేశారు. ప్రీమియం కట్టగలిగినవారికి అది ఊరటే. మా ఊళ్లలో ఆటో నడిపేవారిలో, కూలికి వెళ్లేవారిలో అలా కట్టగలిగినవారు అరుదు. వారికి ఉన్నది ఈ ప్రభుత్వ కార్డు ఒక్కటే గనుక, దాని సమాచారం, ఫిర్యాదు పత్రాలు ఒడియాతో పాటు తెలుగులోనూ సరిహద్దు బ్లాకు కార్యాలయాల్లో దొరికేలా ఒడిశా ఆరోగ్య శాఖ వెంటనే ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా