మోనోవైలో ఆ రెండో మనిషి లేడు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో 'వింతలు' కింద అమెరికాలోని మోనోవై గురించి నాలుగు లైన్లు వేశారు. ఒక్కరే ఉండే ఊళ్ళో జనాభా రెట్టింపై ఇద్దరయ్యారనీ, 2020 జనాభా లెక్కలే అందుకు సాక్ష్యమనీ రాశారు. ఆ రెండో మనిషి లేడండీ. నేను స్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. 1991, 2001, 2011ల్లో సెన్సస్ డ్యూటీ చేశాను. ఊరుకోలేక రాస్తున్నాను. పైగా ఆ ఊరు నేను చూశాను.

2019 సెప్టెంబరులో ఒమాహాలో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, అక్కడి కార్మిక దినం లేబర్ డే సెలవు కలిసొచ్చిందని అల్లుడు కారు తీశాడు. దాదాపు నాలుగు గంటల ప్రయాణం. నెబ్రాస్కా రాష్ట్రం ఈశాన్య మూలన బాయిడ్ కౌంటీ. ఒక పక్క మిస్సోరీ నది, ఇంకో పక్క నయోబ్రారా నది, మధ్యలో గడ్డి మిట్టలు, అక్కడక్కడా పశువులు. 12వ నంబరు హైవే పక్కన ఆకుపచ్చ బోర్డు మీద 'మోనోవై 1' అని ఉంది. "ఇంకా కిలోమీటరు ఉందా?" అంది మా ఆవిడ. అది దూరం కాదు, జనాభా.

ఊరు మొత్తం కలిపి సుమారు 134 ఎకరాలు. ఉన్న ఒకే ఒక్క వ్యాపారం బారూ హోటలూ కలిసిన టావెర్న్. ఊళ్ళోకెల్లా చల్లటి బీరు ఇక్కడేనని బోర్డు పెట్టారు. ఇంకో కొట్టే లేదు కాబట్టి అది అబద్ధం అనడానికి వీల్లేదు. కానీ తలుపుకి తాళం. వారమంతా తీసే ఆ టావెర్న్‌కి సోమవారం ఒక్కటే సెలవట. లేబర్ డే వచ్చేదే సోమవారం! అలా ఆ రోజు నా కంటికి కనబడిన జనాభా సున్నా. తెచ్చుకున్న పులిహోర కారు బానెట్ మీద పెట్టుకుని తిన్నాం. పైకప్పు కుంగిన ఒక ఇంటి కిటికీలోంచి చెట్టుకొమ్మ బయటికొచ్చింది. లోపల మొలిచి బయటికొచ్చిందో, బయటిది లోపలికి దూరిందో ఎంత చూసినా తేలలేదు.

ఈ ఊరు 1902లో రైలుతో పుట్టింది. అంతకుముందు ఆ నదీతీరం పోంకా అనే అమెరికా ఆదివాసీ తెగవాళ్ళ స్వస్థలం. 1877లో ప్రభుత్వం వాళ్ళను బలవంతాన దక్షిణానికి తరలించింది. చనిపోయిన కొడుకును సొంత నేలలో పూడ్చిపెట్టాలని తిరిగొచ్చిన పెద్దాయన స్టాండింగ్ బేర్‌ను అరెస్టు చేస్తే, చట్టం దృష్టిలో రెడ్ ఇండియన్ కూడా మనిషేనని 1879లో ఒమాహా కోర్టు తీర్పు చెప్పాల్సి వచ్చింది. మోనోవై అనే పేరుకి ఒక తెగ భాషలో పువ్వు అని అర్థం చెబుతారు. 1930 నాటికి ఊళ్ళో 123 మంది. కిరాణా కొట్లు, చర్చి, బడి అన్నీ ఉండేవి. సేద్యం గిట్టక, పిల్లలు పట్నాల బాట పట్టారు. 1967లో పోస్టాఫీసు మూతపడింది, 1974లో బడి పోయింది, రైలూ ఆగింది. 2000లో మిగిలింది ఇద్దరు, మొగుడూ పెళ్ళామూ. 2004లో ఆయన పోయారు. ఆయన చదివి దాచిన పుస్తకాలు ఐదు వేల దాకా ఉంటే, ఆవిడ చిన్న షెడ్డులో లైబ్రరీ పెట్టింది.

మీరు 'వింత' అన్నారు గానీ చట్టప్రకారం అది ఇప్పటికీ గ్రామమే. మేయరు ఆవిడే, గుమస్తా ఆవిడే, కోశాధికారీ ఆవిడే. బారు లైసెన్సుకి దరఖాస్తు పెట్టేదీ, సంతకం చేసేదీ, అందుకునేదీ ఆవిడే. నాలుగు వీధి దీపాలకీ, నీళ్ళకీ ఏటా సుమారు 500 డాలర్ల పన్ను తన దగ్గర తనే వసూలు చేసుకుంటుంది. మన దగ్గర పంచాయతీ పన్ను కోసం ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలిసిందే.

ఇక అసలు సంగతి. 2010 లెక్కల్లో ఒక్కరు. 2020లో ఇద్దరని వచ్చింది. ఆవిడేమో ఊళ్ళో ఉన్నది తానొక్కతేనని విలేకరులకు చెప్పింది. అమెరికా సెన్సస్ బ్యూరో రాష్ట్రాల మొత్తం జనాభాను ఉన్నదున్నట్టే ఇచ్చి, ఊళ్ళ అంకెలను మాత్రం కావాలనే కాస్త అటూ ఇటూ జరుపుతుంది. ఎవరి వివరాలు ఎవరివో పోల్చుకోకుండా ఉండడానికి. ఒక్కరే ఉన్న ఊరికి వయసు, జాతి, ఇల్లు సొంతమా అద్దెదా అని పట్టిక వేస్తే అది జనాభా లెక్క అవదు, ఆవిడ బయోడేటా అవుతుంది. అక్కడ మనిషి పేరుతో ఉన్న రికార్డును 72 ఏళ్ళ దాకా బయటపెట్టరు. మన 1948 సెన్సస్ చట్టం కూడా ఇంటింటి వివరాలను రహస్యంగానే ఉంచమంటుంది.

2001లో నాకు పడిన బ్లాకులో, చెరువుగట్టు చివరి ఇంట్లో ఒక ముసలమ్మ ఉండేది. ఇంట్లో ఎంతమంది అని అడిగితే "నేనూ మా ఆయనా" అంది. ఆయన పోయి ఆరేళ్ళయిందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆవిడ ముందు ఫారంలో 1 వేయడానికి చెయ్యి రాలేదు. గట్టు దిగాక వేశాను.

వచ్చే ఆదివారం సవరణ వేయగలరు. 'వింతలు' కింద మాత్రం వద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
పాలకొల్లు