నీ బ్యాగు పక్క జేబులో దొరికిన స్ట్రిప్

చిన్నోడా,

పండక్కి వచ్చి వెళ్ళేటప్పుడు నీ బట్టలు సర్దుతుంటే బ్యాగు పక్క జేబులో నొప్పి బిళ్ళల స్ట్రిప్ ఒకటి దొరికింది, పదింటికి ఏడు ఖాళీ. అప్పుడే అడుగుదామనుకున్నాను గానీ బస్సు టైమైపోయింది, పైగా మీ నాన్న ముందు ఆ మాటెత్తితే ఆయన మళ్ళీ పాతదంతా తవ్వుకుంటారని ఊరుకున్నాను. ఎవర్ని అడిగి కొన్నావురా?

కళ్ళజోడు పెట్టుకుని వెనక సన్న అక్షరాలు చదివాను. ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. అంటే ఒక బిళ్ళలో రెండు మందులు, మొదటిది నొప్పికీ వాపుకీ, రెండోది జ్వరం బిళ్ళలో ఉండేదే. ఒళ్ళు వెచ్చగా ఉందని దాని మీద ఇంకో జ్వరం బిళ్ళ వేసుకున్నావనుకో, పారాసిటమాల్ రెండు వైపుల నుంచీ చేరుతుంది, రోజుకు 4 గ్రాములు దాటితే లివరు పాడవ్వచ్చు. పేరు వేరే ఉందని మందు వేరే అనుకోకు.

మీ నాన్న సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు, అప్పుడు నీకు ఫైనల్ ఇయర్ పరీక్షలు. మోకాళ్ళ నొప్పికి షాపువాడు ఇచ్చిన డైక్లోఫెనాక్, అదీ నీ ఎసిక్లోఫెనాక్ జాతిదే, పొద్దున ఒకటి రాత్రి ఒకటి, రెండు నెలలు మింగారు. బీపీకి వాడేది టెల్మిసార్టాన్, అదే బిళ్ళలో ఒంట్లో నీరు తీసే మందు కూడా ఉంటుంది. ఆ మూడూ కలిస్తే ఏమవుతుందో మాకేం తెలుసు? జీడితోటలో ఎండకి పనిచేసి, దానికి తోడు రెండు రోజులు విరేచనాలైతే ఒంట్లో నీరంతా పోయి కిడ్నీలు దెబ్బతిన్నాయి, దాంతో కాళ్ళు వాచాయి, శ్రీకాకుళం తీసుకెళ్తే కిడ్నీలెలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 3.1కి పెరిగి ఉంది. డాక్టరు గారు చెప్పింది నాకు బాగా గుర్తుంది. నొప్పినీ వాపునీ పెంచేదీ, పొట్ట లోపలి పొరను కాపాడేదీ, కిడ్నీలకు రక్తం సరిగ్గా అందేలా చూసేదీ ఒకే రకం సరుకట, ఈ బిళ్ళ దాన్ని ఒంట్లో అన్ని చోట్లా తగ్గించేస్తుందట. మోకాలి దగ్గరే పనిచెయ్యమని దానికెవరు చెప్తారు!

దేవుడి దయ, బిళ్ళలు ఆపేసి సెలైన్లు పెడితే 1.4కి దిగింది. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు, అంతా నొప్పి బిళ్ళల వల్లే అని నేననను. కానీ డయాలసిస్ అంటే ఏంటో పిల్లలకి కూడా తెలిసిన ఊళ్ళో పుట్టి నువ్వు వాటిని చాక్లెట్లలా మింగుతుంటే నాకెలా ఉంటుంది? రాబందులు ఎందుకు మాయమయ్యాయో చదివావు కదా, డైక్లోఫెనాక్ ఎక్కించిన పశువుల కళేబరాలు తిని కిడ్నీలు పాడై చచ్చాయి, 2006లో పశువులకి ఆ మందు ఆపేశారు. మనుషులకి ఇప్పటికీ షాపులో అడిగితే ఇచ్చేస్తున్నారు.

గ్యాస్ బిళ్ళ కలిపి వేసుకుంటే ఏం కాదని నీ రూమ్మేటు అంటాడేమో. అది పొట్టకి కొంత కాపలా, కిడ్నీకి కాదు, గుండెకి అసలే కాదు. వర్షాకాలంలో జ్వరమొస్తే మాత్రం డెంగ్యూ కాదని తేలేదాకా ఈ నొప్పి బిళ్ళల జోలికే పోకు, రక్తస్రావం భయం, పారాసిటమాల్ ఒక్కటే వేసుకో, అదీ లెక్క చూసుకుని.

నొప్పి బిళ్ళ తప్పక వేసుకోవాల్సొస్తే అన్నం తిని, నీళ్ళు బాగా తాగి, రెండు మూడు రోజులే, ఇదే జాతి బిళ్ళ ఇంకోటి కలపకుండా. విరేచనం తారులా నల్లగా వచ్చినా, మూత్రం తక్కువైనా, కాళ్ళు వాచినా, ఛాతీ బరువెక్కినా బిళ్ళ ఆపేసి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు. నడుం నొప్పి నీకు ఆ కుర్చీ వల్లే అని నా అనుమానం, గంటకోసారి లేచి నడు, కావాలంటే పైన రాసుకునే జెల్ వాడు, అది ఒంట్లోకి తక్కువ వెళ్తుందట. వారం దాటినా తగ్గకపోతే ఎముకల డాక్టరుకి చూపించు, డబ్బులు నేనిస్తాను.

మిగిలిన మూడు బిళ్ళలు వెతుక్కుని ఉంటావు. తీసేసింది నేనే, ఆ జేబులో జీడిపప్పు పొట్లం పెట్టాను.

అమ్మ